కారు రంగు వెలిసిందా? ముందు తడిగుడ్డ పెట్టి చూడుండ్రి

కారు రంగు పోయిందని షెడ్డుకు తోలుకపోయేటోళ్లల్ల చానమందికి పెయింటు అవసరమే ఉండదు. రంగు లోపల్నే ఉంటది. దాని మీదున్న పొర మొద్దుబారి, ఆ రంగు మన కంటిదాక రాకుంట అడ్డం పడ్తది. గీ చిన్న ముచ్చట తెల్వక ఒకాయన అప్పు తెచ్చి ఫుల్ పెయింటింగ్ చేయిస్తడు. ఇంకొకాయన సిరామిక్ కోటింగ్ అని వాయిదాల మీద పైసలు కడ్తడు. మూడో ఆయన ఇగ బండి పని అయిపోయిందనుకొని వచ్చినకాడికి అమ్ముకుంటడు. ఆయన దగ్గర కొన్న సెకండ్‌హ్యాండు బేరగాడు మాత్రం రెండు రోజులు రబ్బింగ్ పాలిష్ కొట్టించి, అదే బండిని నిగనిగలాడిచ్చి, ఇంకో పేదోనికి ఎక్కువ ధరకు అంటగడ్తడు. మధ్యల లాభమంతా తెలివిది. ఆ తెలివి కూడ పెద్ద చదువేం కాదు, అరపూట ముచ్చట.

కారంటే ఉన్నోళ్ల వస్తువు గదా, దాని మెరుపు గురించి నీకెందుకు అని అడిగేటోళ్లు ఉంటరు. ఉన్నోళ్ల కార్లు నీడల ఉంటయి, సెల్లార్ల ఉంటయి. వాటి రంగు అంత తొందరగ పోదు. గల్లీల, వేపచెట్టు కూడ లేని కాడ, పొద్దంతా ఎండల నిలబడేది ట్రావెల్స్ల తిప్పే బండి, బడిపిల్లల ట్రిప్పు కొట్టే వ్యాను, పదేండ్లు వాడి అమ్మితే ఇంటిల్లిపాది కలిసి కొనుక్కున్న పాత కారు. రంగు వెలిసిన బండి బతుకుదెరువు బండే అయితది ఎక్కువ. నేను మెకానిక్‌ను కాదు. సంఘం పనుల మీద ఆటోనగర్లల్ల, రోడ్డు పక్క షెడ్లల్ల తిరిగేటప్పుడు పెయింటర్లను అడిగి, వాళ్ల చేతుల దిక్కు చూసి కొంత నేర్చుకున్న. మిగిలింది డబ్బాల మీది అక్షరాలు చదివి తెలుసుకున్న.

మన చిన్నప్పటి పలక యాదికి తెచ్చుకోండి. బలపంతోని రాసి, తుడిసి, రాసి, తుడిసి కొన్ని దినాలకు నల్ల పలక బూడిద రంగుకు వచ్చేది. తడి చేసినమా, మళ్ల కమ్మగ నల్లగైతుండె. ఆరినంక మళ్ల తెలుపు. బొగ్గు, దొండాకు కలిపి రుద్దితే నాలుగొద్దులు నలుపు నిలిచేది. కారు రంగు కథ కూడ అచ్చం గదే. పైభాగం నున్నగ ఉంటే పడ్డ వెలుతురు ఒక్కతీరు తిరిగి వస్తది, లోపలి రంగు నిండుగ కనపడ్తది. పైభాగం గరుకు అయితే వెలుతురు తలో దిక్కు చెదిరిపోతది, మన కంటికి తెల్లటి మసక తప్ప ఏం కనపడదు. నీళ్లు పోస్తే ఆ సన్న గుంతలు నిండి, తాత్కాలికంగ నున్నగైతది.

అందుకే ఏ షెడ్డుకు పోకముందు ఇంటి ముంగట్నే చేసుకునే పరీక్ష ఇది. బండి కడిగి ఆరినంక, వెలిసిన జాగల తడిగుడ్డ పెట్టి తుడువాలె. తడి ఉన్నంతసేపు అసలు రంగు నిండుగ తేలితే మీ బండికి రుద్దుడు పని చాలు. తడిపినా ఆ మచ్చ తెల్లగనే ఉండి, అంచుల కాడ గోరు పెడితే చేప పొలుసు లెక్క పెచ్చు లేస్తే, పైపొర చచ్చిపోయిందని అర్థం. దాన్ని ఏ పాలిష్ తోని బతికించలేం. ఈ రెండింటి నడుమ ఉన్న తేడానే వందల రూపాయల పనికి, వేల రూపాయల పనికి ఉన్న తేడా.

ఇప్పుడు ఆ పొరలేందో చూద్దాం. ఫ్యాక్టరీల ఇనుపరేకు మీద మొదలు తుప్పు పట్టకుంట ప్రైమరు ఎక్కిస్తరు. బండి బాడీని తొట్టిల ముంచి, కరెంటు పెట్టి ఆ ప్రైమరు సందుసందుకు అంటుకునేటట్టు చేస్తరు. దాని మీద ఎగుడుదిగుళ్లు సాపు చేసే ఇంకో ప్రైమరు పొర. దాని మీద రంగు, దాన్ని బేస్ కోట్ అంటరు. అన్నిటి మీద రంగు లేని, గాజు తీరు పారదర్శకమైన క్లియర్ కోట్. అన్ని పొరలు కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అంటే జిరాక్స్ కాగితమంత, లేదా దానికన్న జర ఎక్కువ. అందుల మెరుపునిచ్చే క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లకు అటుఇటు, అంటే కాగితంల సగం. మనం లక్షలు పోసి కొన్న బండి అందమంతా సగం కాగితం మందం మీద నిలబడి ఉన్నది.

దాన్ని తినేది మొదలు ఎండ. ఎండల ఉండే అతినీల లోహిత కిరణాలు ఆ పొరల ఉన్న రెసిన్ గొలుసులను తెంపుతయి. గాలిల ఆక్సిజన్ తోడైతది. అందుకే తలుపుల కన్న ముందు టాపు, బానెట్టు, డిక్కీ మూత, అంటే ఆకాశం దిక్కు మొఖం పెట్టి ఉన్నయే వెలుస్తయి. ఎరుపు రంగు బండ్లు ఇంకా తొందరగ పాలిపోతయి. రెండోది నీళ్లు. మన దిక్కు బోరు నీళ్లల్ల సున్నం, మెగ్నీషియం ఎక్కువ. బకెట్ల అడుగున తెల్లగ పేరుకునేది, నల్లా మూతికి గట్టిపడేది అదే. పొద్దు నడినెత్తికి వచ్చినంక వేడి బానెట్టు మీద గీ నీళ్లు పోసి తుడువకుంట ఇడిస్తే, నీళ్లు ఆవిరై సున్నపు చుక్కలు మిగుల్తయి. కొన్ని దినాలకు ఆ చుక్కలు పొరలకు దిగి గుంతలైతయి. తాజాగ ఉన్నప్పుడైతే వెనిగర్‌ల రెండింతల మంచినీళ్లు కలిపి, మెత్తగుడ్డతోని అద్ది, వెంటనే కడిగితే పోతయి. పిట్ట రెట్ట సంగతి కూడ ఇంతే, అందుల యాసిడు ఉంటది. మధ్యాహ్నం దాక ఉంచితే వేడికి మెత్తబడ్డ పొరను అది కొరుకుతది.

మూడోది మనమే. పొద్దున లేస్తనే పొడిగుడ్డ తీసుకొని దుమ్ము దులిపే అలవాటు. మన దుమ్ముల ఉండేది ఇసుక. పొడిగుడ్డ కింద ఇసుకంటే వాటర్ పేపరే. ఎండల బండి దగ్గర నిలబడి చూడుండ్రి, దీపం చుట్టు సాలెగూడు తీరు గుండ్రటి సన్నగీతలు కనపడ్తయి. అవి దినాం దులిపిన ప్రేమ గుర్తులు. బట్టల సర్ఫు తోని కడుగుడు ఇంకో తప్పు, దాని సోడా గుణానికి ఉన్న మైనం కూడ కొట్టుకపోతది.

మా వాడకట్టుల ఒక తమ్ముడు ట్రావెల్స్ల మెరూన్ రంగు బండి తిప్పుతడు. సెకండ్‌హ్యాండుల కొన్నది. టాపు, బానెట్టు బూడిద పూసినట్టు అయినయి. ఒక పెద్ద షోరూమోళ్లు చూసి, మొత్తం బండికి పెయింటు, దాని మీద కోటింగ్ అని రాసిచ్చిన అంచనా కాగితం పట్టుకొని నా దగ్గరికి వచ్చిండు. మూడు నెలల ఫైనాన్స్ కిస్తులు అందుల పోతయి. తడిగుడ్డ పెట్టి చూసినం. బానెట్టు, తలుపులు, డిక్కీ, అన్నీ తడికి మెరూన్ అయినయి. టాపు మీద మాత్రం రెండు చేతుల జాగ పెచ్చులు లేసింది. అంటే బండిల ఒక్క ముక్కకే పెయింటు కావాలె. కాగితం మీద మాత్రం మొత్తం బండి ఉన్నది.

ఇగ రుద్దుడు పని. దీన్నే మనోళ్లు రబ్బింగ్ పాలిష్ అంటరు, పేరుల్నే పని మొత్తం ఉన్నది. మెరుపు అనేది పూస్తే వచ్చేది కాదు, కోస్తే వచ్చేది. గరుకైన పైభాగాన్ని సన్నగ అరగదీసి కింద ఉన్న మంచి పొరను బయటికి తెస్తం. కాంపౌండు అంటే రుబ్బిన గట్టిపొడి, చానవాటిల అల్యూమినియం ఆక్సైడే ఉంటది. కాంపౌండు జర ముతక, పాలిష్ సన్నం. ఇల్లు ఊడ్చినంక తడిబట్ట పెట్టినట్టు ఒకదాని వెనుక ఒకటి.

నీడల, రేకు చేతికి చల్లగ తగిలినప్పుడే మొదలుపెట్టాలె. కార్ల షాంపు తోని రెండు బకెట్లు పెట్టుకొని కడగాలె. ఒకటి నురుగుకు, ఒకటి గుడ్డ జాడిచ్చుకునేటందుకు. కడిగినంక చెయ్యి మీద పల్చటి కవరు తొడుక్కొని బానెట్టు మీద పాముతే గరుకు తెలుస్తది. బ్రేకుల ఇనుపరజను, తారు చుక్కలు పొరల కరుచుకొని ఉంటయి. క్లే బార్ అని బంకమట్టి ముద్ద లాంటిది దొరుకుతది. షాంపు నీళ్లు చల్లుకుంట దాన్ని మెల్లగ జరిపితే ఆ గరుకును అది పట్టుకుంటది. కింద పడితే మాత్రం మళ్ల వాడొద్దు, ఇసుక అంటుకుంటది. నల్ల ప్లాస్టిక్ పట్టీలకు, రబ్బరు బీడింగులకు మాస్కింగ్ టేపు అంటించాలె. కాంపౌండు వాటికి అంటితే ఎండినంక తెల్లమరక పోదు.

తర్వాత మైక్రోఫైబర్ గుడ్డ గానీ, స్పాంజి ప్యాడు గానీ తీసుకొని, రూపాయి బిళ్లంత కాంపౌండు పెట్టి, అడుగు పొడుగు అడుగు వెడల్పు జాగల రుద్దాలె. ఒత్తుడు సమంగ ఉండాలె. మందు పల్చబడి, నూనె పొర తీరు కనపడంగనే ఆపి, ఇంకో మెత్తగుడ్డతోని తుడిసి చూసుకోవాలె. ఆ జాగకు పక్క జాగకు తేడా చూస్తే మీకే నమ్మబుద్ధి కాదు. బానెట్టు ఒక్కటి చేత్తోని చేస్తే గంటకు పైన పడ్తది, రెక్కలు గుంజుతయి. షెడ్డుల మిషిన్ పెడ్తరు. మిషిన్ చేతకాని వాని చేతుల పడితే ప్రమాదం. ఒక్కచోట ఆపితే వేడి పుట్టి పొర కాలుతది. బానెట్టు మీది గీర, తలుపు అంచు, డిక్కీ మూల, వీటి కాడ పెయింటు మామూలుగనే పల్చగ ఉంటది. అక్కడ టేపు వేసుకొని, చివర్ల చేత్తోనే చేసుకోవాలె. మంచి పనివాడా కాదా అని తెలువాలంటే అంచులకు టేపు వేసిండా లేదా చూడుండ్రి, చాలు.

గుడ్డకు మీ బండి రంగే అంటితే భయపడకుండ్రి. పాత అంబాసిడర్లు, ఫియట్లు, మొదటి కాలం మారుతి 800లు చానవాటికి క్లియర్ కోట్ ఉండేది కాదు, రంగే పైపొర. వాటిని రుద్దితే రంగు గుడ్డకు వస్తది, కింద కొత్త రంగు తేల్తది. క్లియర్ కోట్ ఉన్న కొత్త బండికి గుడ్డ మీద రంగు కనపడితే మాత్రం అక్కడ్నే ఆపాలె. పైపొర దాటి పోయినట్టు.

కాంపౌండు తర్వాత సన్న పాలిష్, ఆ తర్వాత మైనం. మైనంల పేరున్నది కార్నౌబా, బ్రెజిల్ ఈశాన్యంల పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పుట్టేది. అక్కడి ఎండకు ఆకుల నీరు ఆవిరి కాకుంట ఆ చెట్టు తనకు తాను చేసుకున్న ఏర్పాటు అది. మన బానెట్టుకు కూడ గదే పని చేస్తది. మన ఎండకు నెల, రెండు నెలలు ఆగుతది, మళ్ల పెట్టుకోవాలె. మైనం ఎన్నిసార్లయినా పెట్టొచ్చు. కాంపౌండు అట్ల కాదు. ప్రతి రుద్దుడుకు ఆ సగం కాగితంల కొన్ని మైక్రాన్లు పోతయి. ప్రతి సర్వీసుకు రబ్బింగ్ పాలిష్ కలుపుదామా అని కౌంటరు కాడ అడుగుతరు గదా, వద్దనుండ్రి. ఏండ్లకు ఒకసారి చాలు.

షెడ్లల్ల ఇంకో మాట వినపడ్తది, డూకో. డూకో పెయింటరు, డూకో పని అంటరు. ఆ మాట 1920లల్ల అమెరికాల డూపాంట్ కంపెనీ తెచ్చిన పెయింటు పేరు. అంతకుముందు కారుకు రంగు ఆరుడంటే దినాలు, వారాలు పట్టేది. నైట్రోసెల్యులోజ్ తోని చేసిన ఈ రంగు గంటలల్ల ఆరింది. డూపాంట్ 1802ల తుపాకి మందు కంపెనీగ పుట్టింది, నైట్రోసెల్యులోజ్ కూడ పేలుడు సరుకు చుట్టమే. యుద్ధం సరుకు కార్ల మీదికి, కార్ల మీదికెల్లి మన పల్లె మేస్త్రి నోటికి వచ్చింది. ఇప్పటికీ చిన్న షెడ్లల్ల ఎన్‌సీ పెయింటు అని కొట్టేది ఆ కుటుంబమే. అగ్గువ, తొందరగ ఆరుతది, టచింగులకు సులువు. కాని మన ఎండకు రెండు మూడేండ్లల్ల మొద్దుబారుతది. హార్డెనరు కలిపి కొట్టే టూకే పెయింటు గట్టిది, ఫ్యాక్టరీ పొరకు దగ్గర్ల ఉంటది. పెయింటు తప్పదన్నప్పుడు ఏది కొడుతున్నవన్నా అని అడిగి బిల్లు మీద రాయించుకోవాలె.

చిట్కాల సంగతి కూడ చెప్పాలె. కిరోసిన్, డీజిల్, కొబ్బరినూనె పెట్టి తుడిస్తే మెరుస్తది, ఎందుకంటే తడి పలక ముచ్చట్నే అది. సాయంత్రానికి దుమ్మంతా దాని మీద కూసుంటది, తెల్లారి పొడిగుడ్డతోని దులిపితే పొరకు గీతలు. డీజిల్‌తోని రబ్బర్లు కూడ పాడైతయి. టూత్‌పేస్టు చిన్న గీతకు, పసుపుబారిన హెడ్‌లైటుకు జర పనిచేస్తది, దాంట్ల కూడ సన్న గరుకుపొడి ఉంటది గనుక. బానెట్టు మొత్తం దాంతోని చేద్దామనుకునుడు నవ్వులపాలే.

సిరామిక్ కోటింగ్ మోసం అని నేను అనను. సిలికా లాంటి పదార్థంతోని పడే సన్నటి గట్టిపొర అది, ఒకటి రెండు మైక్రాన్లు. నీళ్లు నిలువయి, మురికి తొందరగ పోతది, మైనం కన్న ఎక్కువ దినాలు ఉంటది. మోసం దాన్ని అమ్మే మాటల ఉన్నది. తొమ్మిది హెచ్ గట్టితనం అని గోడల మీద రాస్తరు, వినేటోనికి వజ్రానికి ఒక్క మెట్టు కింద అనిపిస్తది. ఆ తొమ్మిది హెచ్ పెన్సిలు కొలత. బొమ్మలు గీసే పెన్సిళ్లల్ల హెచ్‌బీ, టూహెచ్ అని ఉంటయి గదా, ఆ వరుసల గట్టి పెన్సిలు గీసినా పొర మీద గీత పడలేదని దాని అర్థం. మన రోడ్డు ఇసుకకు ఆ లెక్కలు తెల్వవు, అది గీస్తది. ఇంకొకటి, కోటింగ్ రంగు తేదు. మెరుపంతా దానికి ముందు చేసే రుద్దుడుల వస్తది. మొద్దుబారిన పొర మీద కోటింగ్ కొడితే ఆ మొద్దుతనాన్ని సీలు చేసినట్టే. అంటే బిల్లుల పెద్ద అంకె డబ్బాకు, రెక్కలు గుంజే పని చేసిన పిలగానికి దినకూలి.

ఆ పిలగాని ముచ్చట లేకుంట ఈ రాతకు అర్థం లేదు. పెచ్చులు లేసినప్పుడు పెయింటు కొట్టుడు తప్పదు. టూకే పెయింటుల కలిపే హార్డెనరుల ఐసోసైనేట్లు ఉంటయి. అవి గన్నుల నుంచి సన్నటి మంచు తీరు లేసి ఊపిరితిత్తులకు పోతయి. ప్రపంచమంతట కార్ల పెయింటర్లకు పని వల్ల వచ్చే ఆస్తమాకు పెద్ద కారణాలల్ల అది ఒకటి. ఒక్కసారి ఒంటికి అది పడకుంట అయితే, తర్వాత ఇసుమంత గాలిల ఉన్నా ఆయాసం వస్తది. ఘాటు వాసన వచ్చేది థిన్నరుది. ఐసోసైనేటు కీడు చేసేంత ఉన్నా ముక్కుకు తెల్వదు. వాసన తగ్గింది గదా అని దస్తీ తీసేస్తరు, అప్పటికీ గాలిల మంచు ఉంటది. దస్తీ అసలే ఆపదు, మందుల దుకాణంల దొరికే మాస్కు కూడ ఆపదు. దీనికి కావల్సింది బయటి నుంచి మంచిగాలి పైపు ద్వారా వచ్చే మాస్కు, గాలి గుంజే బూతు. నేను తిరిగిన చిన్న షెడ్లల్ల బూతు అంటే మూడు దిక్కుల కట్టిన పాత ఫ్లెక్సీలు. పని అయినంక అదే థిన్నరుతోని చేతులు కడుక్కుంటరు, అది తోలు నుంచి కూడ లోపలికి పోతది.

పనిదినాలల్ల రాత్రిపూట దగ్గు, ఛాతి పట్టేసినట్టు ఉండి, సెలవుదినాల తగ్గుతుంటే అది పొగమంచు దగ్గు కాదు. డాక్టరుకు ఏం పని చేస్తవో ముందు చెప్పాలె. అడగకున్నా చెప్పాలె. ఈఎస్‌ఐ చట్టం పదిమంది గానీ అంతకెక్కువ గానీ పనిచేసే చోట్లకే వర్తించేది. ఇద్దరు ముగ్గురు పనిచేసే షెడ్డు దాని కిందికి రాకపోయేది. షెడ్లు వందలు ఉన్నా, ఒక్కొక్కటి లెక్కకు చిన్నదే. ఆటోనగర్ల షెడ్లన్నీ కలిసి ఒక ఉమ్మడి బూతు కట్టుకునేటట్టు సర్కారు జాగ, సబ్సిడీ ఇస్తే, షెడ్డుకొక బూతు లేకున్నా పని నడుస్తది. మేం సంఘం తరపున అడుగుతున్నది గదే. బండి ఇచ్చేటోళ్లు కూడ మాస్కు ఉన్నదా అని ఒక్కమాట అడిగితే ఓనరుకు జర ఇబ్బంది అయితది. కావాలె.

పెయింటుకు పోయేటోళ్లు ఇంకో సంగతి చూసుకోవాలె. ఆర్‌సీ మీద బండి రంగు రాసి ఉంటది. వేరే రంగు కొట్టిస్తే ఆర్టీఏ ఆఫీసుల ఎక్కిచ్చుకోవాలె. అదే రంగు కావాలంటే బండి మీద పెయింటు కోడు రాసిన పట్టీ ఉంటది, బానెట్టు కింద గానీ తలుపు స్తంభం కాడ గానీ. దాని ప్రకారం కలిపించినా, ఎండకు పాలిపోయిన పాత రంగు పక్కన కొత్తముక్క వేరేగ కనపడ్తది. అందుకే ముందు మొత్తం బండికి రుద్దుడు అయిపోవాలె, తర్వాతనే ముక్కకు రంగు కలపాలె.

మా తమ్ముని బండికి అట్లనే చేసినం. రెండు ఆదివారాలు నీడ పట్టుకొని చేత్తోనే రుద్దినం, ఒక డబ్బా కాంపౌండు, ఒక డబ్బా పాలిష్, మైనం, టేపు, నాలుగు గుడ్డలు. బానెట్టు, తలుపులు మెరూన్ అయినయి. టాపు మాత్రం గట్లనే ఉన్నది. ఎన్‌సీ అయితే వానలల్ల గాలిల తడికి పాలు ఒలికినట్టు తెల్లబారుతది, టూకే అయినా బూతు లేని కాడ చుక్క పడితే పని ఖరాబు. అందుకే దసరా దాటినంక చేద్దామని పెయింటరన్న చెప్పిండు. అప్పటిదాక పెచ్చులు పెరగకుంట టాపు మీద ప్రెజర్ నీళ్లు కొట్టనిస్తలేడు.